పులిహోరలో పులి

సీతాఫలం గల్లీని వీగన్ వీధిగా ప్రకటిస్తూ నగర ఆహార సంస్కార మండలివారు బ్యానరు కట్టిన రోజున, గల్లీ మొత్తంలో అందరికంటే ఎక్కువగా మురిసిపోయినవాడు మెస్సు గోపాలం. అయితే మురిసిపోవడానికి ముందు ఆ మాటకి అర్థం తెలుసుకోవాల్సి వచ్చింది.

"వీగన్ అంటే వీగిపోవడమే కదా! మన గల్లీ ఎవరి మీద పోటీ చేసి వీగిపోయిందంట?" అని అడిగాడు ఇస్త్రీ బండి సాయన్న.

మందుల షాపాయన ఫోన్లో చూసి అసలు సంగతి చెప్పాడు. మాంసం, చేప, గుడ్డే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా ముట్టనివాళ్ళని వీగన్లు అంటారట. నగరంలో ఇప్పుడంతా అదే ఊపట. ఆదివారం వస్తే చాలు, జనం కార్లేసుకుని వీగన్ హోటళ్ళు వెతుక్కుంటూ తిరుగుతున్నారట.

"నెయ్యి కూడా ముట్టరా? మరేం తిని బతుకుతారు పాపం?" అన్నాడు సాయన్న.

"మా మెస్సులో తిని," అన్నాడు గోపాలం, ఛాతీ పొంగించి.

అందులో గొప్పలేమీ లేవు. తెనాలి నుంచి వచ్చి ఈ గల్లీలో స్థిరపడినప్పటి నుంచీ 'గోపాలం పులిహోర మెస్సు'లోకి పాలచుక్క వచ్చిన పాపాన పోలేదు. దానికి కారణం జీవకారుణ్యం కాదు, గోపాలం భార్య తాయారమ్మ. పాలు విరుగుతాయి, పెరుగు పులుస్తుంది, నెయ్యి పేరు చెప్పి ప్రతివాడూ ఇంకాస్త వెయ్యమంటాడు, ఈ తలనొప్పులు నాకొద్దు అని ఆవిడ మొదటిరోజే తేల్చి చెప్పేసింది. పెరుగు లేకపోతే ముద్ద దిగని ఖాతాదారులు ఇంటి దగ్గర నుంచి చిన్న చిన్న స్టీలు డబ్బాల్లో తెచ్చుకుని, తింటున్నంతసేపూ గోపాలాన్ని తిట్టుకునేవారు. అన్ని తిట్లకీ ఇన్నాళ్ళకి ఫలితం దక్కిందనుకున్నాడు గోపాలం.

బ్యానరు కింద చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది. నగర వార్షికోత్సవం లోపల వీగన్ ధ్రువపత్రం పొందనివారు గల్లీ ఖాళీ చేసి వెళ్ళిపోవాలి. గోపాలం అది చదివి, ఎదురుగా ఉన్న యాదగిరి చికెన్ సెంటరు వైపు జాలిగా చూశాడు. యాదగిరి పొయ్యి రాజేస్తూ చెయ్యూపాడు. పాపం, మంచివాడు, ఎక్కడికి పోతాడో ఏమో అనుకున్నాడు గోపాలం.

మర్నాడు మధ్యాహ్నం మండలి ప్రత్యేకాధికారి డాక్టర్ వ్యాఘ్రేశ్వరరావుగారు జీపు దిగారు. కోనసీమ మనిషి. మనిషి నిండుగా ఉన్నా ముఖం మాత్రం పీక్కుపోయి ఉంది. నెలరోజుల బట్టీ నగరంలో ఉన్న వీగన్ హోటళ్ళన్నీ ఆయన తిరుగుతున్నారు. ఒకచోట నల్లరాతి పలక మీద నాలుగు బీన్సు గింజలు పేర్చి, పక్కన ఆకుపచ్చ నురగ పోసి ఇచ్చారు. ఒకచోట జున్ను కాని జున్ను, ఇంకోచోట వెన్న కాని వెన్న పెట్టారు. మరోచోట భోజనం తేకుండా, ముందు ఆ భోజనం తాలూకు ఉద్దేశం వినిపించారు. అన్నింటికీ ధ్రువపత్రాలిచ్చి, కడుపు మాత్రం ఖాళీగా పెట్టుకుని ఆయన సీతాఫలం గల్లీలో అడుగుపెట్టారు.

సరిగ్గా అప్పుడే తాయారమ్మ పులిహోరలో ఇంగువ తాలింపు కలుపుతోంది.

వ్యాఘ్రేశ్వరరావుగారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయన గొంతు ఒకసారి పైకి లేచి కిందికి దిగింది. అంతలో బాధ్యత గుర్తుకొచ్చినట్టుంది, కళ్ళజోడు సవరించుకున్నారు.

"రండి సార్, వంటగది చూద్దురుగాని," అన్నాడు గోపాలం ఉత్సాహంగా. "గిన్నెలు, గరిటెలు, నూనె డబ్బా, ఏది కావాలంటే అది చూడండి."

"వంటగదిని పరిశీలించుట మా పరిధిలోని అంశము కాదు," అన్నారు వ్యాఘ్రేశ్వరరావుగారు. "పదార్థ పరీక్ష నిమిత్తము ప్రయోగశాల అవసరము. ప్రయోగశాల నిర్మాణ ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది. అంతవరకు పదార్థమునకు బదులు పదమును పరీక్షించవలెనని మండలి తీర్మానించినది."

"పదం అంటే?"

"మీ బోర్డు మీద రాసియున్న వంటకముల పేర్లు."

ఆయన సంచిలోంచి పలకలాంటి యంత్రం ఒకటి తీశారు. దాని పేరు పదశోధిని. దాన్ని బోర్డుకి చూపిస్తే అక్షరాలన్నీ చదివి, ఏ పేరులో ఏ జంతువు దాగి ఉందో పట్టేస్తుందట. అధికారులకి చదివే శ్రమ లేకుండా ఆ జంతువులాగే అరిచి మరీ చెబుతుందట.

మొదట పాలకూర పప్పు. యంత్రం "అంబా" అంది.

"పాలకూరలో పాలుండవు కదండీ! అది ఆకుకూర," అన్నాడు గోపాలం.

"కూరలో లేకపోవచ్చును. పేరులో ఉన్నవి."

తర్వాత గోంగూర పచ్చడి. యంత్రం మళ్ళీ "అంబా" అంది. గోంగూరలో గోవు ఉందని వ్యాఘ్రేశ్వరరావుగారు విచారంగా తల ఊపారు. ఆ తర్వాత సాయంత్రం పూట వేసే ఉల్లి పకోడి. యంత్రం గల్లీ అంతా వినబడేలా "కొక్కొరోకో" అని కూసింది. ఎదురుగా యాదగిరి పెట్టెలో ఉన్న కోళ్ళు బదులు పలికాయి.

"పకోడిలో కోడి ఎక్కడుందండీ?" అన్నాడు గోపాలం.

"మొదటి అక్షరము తొలగించి చూడుడు."

గోపాలం తొలగించి చూశాడు. ఉంది. ఇన్నేళ్ళుగా వేయిస్తున్నాడు గాని ఒక్కనాడూ కనబడలేదు.

అప్పుడు వ్యాఘ్రేశ్వరరావుగారు యంత్రాన్ని అసలు బోర్డు మీదికి తిప్పారు. గోపాలం పులిహోర మెస్సు. గోపాలం దగ్గర అది "అంబా అంబా" అని రెండుసార్లు అంది. గోవు ఒకటి, పాలు ఒకటి. యజమాని పేరు వేరే విభాగం చూసుకుంటుందని చెప్పి ఆయన దాన్ని ముందుకి జరిపారు. అంతే, గాండ్రింపు వినబడింది. అన్నం తింటున్న పెద్దాయన పెరుగు డబ్బా పట్టుకుని బల్ల కిందికి దూరాడు.

"ఇది అత్యంత తీవ్రమైన విషయము," అన్నారు వ్యాఘ్రేశ్వరరావుగారు. "పెంపుడు జంతువు కాదు, వన్యమృగము. దీని ప్రతి ఒకటి అటవీ శాఖకు పంపవలసియున్నది."

ఇంతసేపూ గరిటె పట్టుకుని వింటున్న తాయారమ్మకి ఒళ్ళు మండింది. "పులి అంటే పులుపండీ! చింతపండు పులుపు! కోనసీమలో పుట్టారు, మీకు పులిహోర తెలీదా?"

"వ్యక్తిగతముగా ఎరుగుదును," అన్నారాయన. చూపు మాత్రం గిన్నె మీదే ఉంది. "మండలి ఎరుగదు."

గోపాలానికి హఠాత్తుగా ఆయన చొక్కాకి ఉన్న పేరు పట్టీ కనబడింది. "అయ్యా, ఏమీ అనుకోకండి. వ్యాఘ్రం అన్నా పులే కదండీ? మరి మీ పేరు దగ్గర ఈ యంత్రం అరవదా?"

"అరవదు. అధికార భాషా నిబంధన ననుసరించి యంత్రములో అచ్చ తెలుగు మాటలు, తెలుగువారి నోట నిత్యము నలుగు ఆంగ్లేతర మాటలు మాత్రమే నింపబడినవి. వ్యాఘ్రము సంస్కృతము. అందుచేత నేను అభ్యంతరకరుడను కాను."

వెళ్తూ వెళ్తూ, తుది పరీక్ష నిమిత్తం పులిహోర నమూనా ఒక పొట్లం కట్టించుకున్నారు. గల్లీ మలుపు తిరగకముందే జీపులో పొట్లం విప్పిన వాసన వచ్చిందని సాయన్న తర్వాత చెప్పాడు.

మర్నాడు యాదగిరి లడ్డూ డబ్బా పట్టుకుని వచ్చాడు. ముఖంలో సంతోషం కంటే గాభరా ఎక్కువగా ఉంది.

"గోపాలన్నా, నాకేం సమజైతలేదే. నాకు వీగన్ సర్టిఫికెట్ ఇచ్చిన్రు."

"నీకా?"

"నాకే! గా మిషిన్ బోర్డు మీద పెట్టిన్రు. చికెన్ సిక్స్టీఫైవ్, మటన్ ఫ్రై, ఫిష్ కర్రీ, ఎగ్ నూడుల్స్. ఒక్కదానికన్న సప్పుడు చెయ్యలే. అన్నీ ఇంగ్లీషు మాటలాయె. సారు నాతోటి చెయ్యి కలిపి, 'జంతునామ రహిత భోజనశాల, నగరములో ఉత్తమోత్తమము' అన్నడు. సార్, నేను కోడిని కోస్త సార్ అన్న. కోత మా పరిధిల లేదన్నడు."

గోపాలం స్టూలు మీద కూలబడ్డాడు. యాదగిరికి జాలేసింది. మొన్న గోపాలానికి వేసినంత జాలే.

"నువ్వు ఫికర్ చెయ్యకన్నా. గోంగూర అనకు, మా తీరుగ పుంటికూర అను. పాలకూర తీసెయ్యి, బచ్చలికూర పెట్టు. పకోడి బంద్ చేసి మిర్చి బజ్జీ ఏసుకో. గా పులిహోరకు చింతపండన్నం అని రాయి, అయిపాయె!"

మొదటి మూడూ గోపాలం ఆ పూటే మార్చేశాడు. నాలుగోదాని దగ్గర మాత్రం తాయారమ్మ అడ్డం తిరిగింది.

"చింతపండన్నం అంటే ఎవరికైనా నోరూరుతుందా? జ్వరం వచ్చినవాడి పథ్యంలా ఉంది. నేను పొద్దున్నే లేచి కలిపేది పులిహోర. పెళ్ళైన కొత్తలో మీరు నాకు చెప్పిన మొదటి మంచిమాట కూడా దాని గురించే. కావాలంటే మెస్సు ఎత్తేద్దాం గాని, ఆ పేరు తీసేస్తే నేను గరిటె ముట్టను."

గోపాలానికి ఆ మాట గుండెకి తగిలింది. ఆవిడ బెదిరించట్లేదని అతనికి తెలుసు. పులిహోర లేకపోతే మెస్సు లేదు, మెస్సు లేకపోతే ఈ నగరంలో తామిద్దరూ ఎవరో ఎవరికీ తెలీదు. బోర్డు మీద పేరు అలాగే ఉంచాడు. వ్యాఘ్రేశ్వరరావుగారు మళ్ళీ వచ్చి, యంత్రం చేత గాండ్రింపించి, దరఖాస్తు తిరస్కరించి, నమూనా సరిపోలేదని ఇంకో పొట్లం కట్టించుకుని వెళ్ళారు. ఆ తర్వాత మధ్యాహ్నమయ్యేసరికి ఏదో ఒక కారణంతో రావడం మొదలుపెట్టారు. పొట్లంలో అయితే నమూనా చల్లారి ఫలితాలు మారుతున్నాయని, వెనక గదిలో కూర్చుని అక్కడే పరీక్షించేవారు. ఆకు ఖాళీ అయ్యేదాకా పరీక్ష పూర్తయ్యేది కాదు.

ఈలోగా వీగన్ నగరాలకి పతకాలిచ్చే సంఘంవారు ఢిల్లీ నుంచి దిగారు. ఉత్తమోత్తమ భోజనశాల చూపిస్తామని వ్యాఘ్రేశ్వరరావుగారు వాళ్ళని తిన్నగా యాదగిరి చికెన్ సెంటరుకి తీసుకొచ్చారు. వాళ్ళకి తెలుగు చదవడం రాదు. గల్లీ అంతా గుమిగూడింది. గోపాలం కూడా వెళ్ళి నిలబడ్డాడు.

సంఘం పెద్దాయన చికెన్ సిక్స్టీఫైవ్ ముక్క ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు. కళ్ళలో నీళ్ళు. దేశమంతా తిరిగాం, సోయాతో చేసిన చికెన్ తిన్నాం, పనసకాయతో చేసిన చికెన్ తిన్నాం, ఇంత సహజంగా మాంసంలాగే ఉన్న శాకాన్ని ఎక్కడా చూడలేదు అన్నాడు హిందీలో. దేంతో చేశారని అడిగాడు.

యాదగిరికి అబద్ధం ఆడటం చేతకాదు. "ముర్గీ హై సాబ్," అన్నాడు చేతులు కట్టుకుని.

సంఘంవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని పగలబడి నవ్వారు.

"అస్లీ ముర్గీ హై సాబ్! పొద్దుగాల నేనే కోసిన!"

నవ్వు ఇంకా పెరిగింది. తయారీ రహస్యాన్ని ఇంత చమత్కారంగా దాచుకునే వంటవాణ్ణి చూడలేదని పెద్దాయన యాదగిరి భుజం తట్టాడు. ఇక దిక్కుతోచక యాదగిరి వాళ్ళని పెరట్లోకి తీసుకెళ్ళి పెట్టెలో కోళ్ళని చూపించాడు. అప్పుడు సంఘంవారు పొంగిపోయారు. కోయకుండా, వండకుండా, ప్రాణాలతో కోళ్ళని ఆదరించి సాకుతున్న హోటలు అది! ఒకావిడ కోడిపెట్టని ఎత్తుకుని ఫొటో దిగింది. నగరానికి బంగారు పతకం అక్కడికక్కడే ఖాయమైంది.

"అన్నా, నేను జైలుకు పోత," అన్నాడు యాదగిరి, నగరం తరఫున తన మెడలో వేసిన పతకంతో గోపాలం దగ్గరికి వచ్చి.

"నువ్వు పోవు. నేను పోతాను," అన్నాడు గోపాలం.

అతను అన్నంత పనీ అయ్యేదే. ఖాళీ చేయించడానికి మనుషులు రావాల్సిన రోజున, వాళ్ళకి బదులు మండలి నుంచి తాఖీదు వచ్చింది. నగరంలో ప్రతి వీధిలోనూ ప్రజల సౌకర్యార్థం ఒక మాంసాహార భోజనశాల తప్పనిసరిగా ఉండాలని మండలివారిదే పాత ఉత్తర్వు ఒకటి ఉందట. యాదగిరి వీగన్ అయిపోవడంతో సీతాఫలం గల్లీలో మాంసం లోటు ఏర్పడింది. గల్లీలో జంతువు ఉన్న హోటలు ఇప్పుడు ఒక్కటే. కాబట్టి గోపాలం పులిహోర మెస్సుని మాంసాహారశాలగా గుర్తించి, అక్కడే కొనసాగనిస్తున్నారు. గుమ్మానికి ఎర్ర చుక్క పెట్టుకోవాలి.

గోపాలానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తాయారమ్మ మాత్రం ఎర్ర రంగుకి బదులు కుంకుమ బొట్టు పెట్టి, "చుక్క అడిగారు, పెట్టాం," అంది. పేరు మిగిలింది, మెస్సు మిగిలింది, ఇద్దరూ ఆ పూట తృప్తిగా అన్నం తిన్నారు.

ఆ తృప్తి ఎక్కువకాలం నిలవలేదు. మాంసాహారశాల అన్నాక మాంసాహార నాణ్యతా విభాగం ఉంటుంది. ఆ విభాగంలో కల్తీ నిరోధక అధికారిణి ఒకావిడ ఉంది, పేరు చంద్రప్రభ. ఒక మిట్టమధ్యాహ్నం ఆవిడ ఇద్దరు బంట్రోతులతో దిగింది. ఆవిడ విభాగానికి వంటగది చూసే అధికారం పూర్తిగా ఉంది. మూతలన్నీ తీసి చూసింది. పులిహోరని గరిటెతో అటూ ఇటూ తిరగేసింది. వేరుశెనగ గుళ్ళు, కరివేపాకు, ఎండుమిర్చి, శెనగపప్పు కనబడ్డాయి.

"ఇందులో పులి ఏది?" అంది.

"ఏమిటమ్మా?" అన్నాడు గోపాలం.

"బోర్డు మీద పులిహోర అని ఉన్నది. మండలి రికార్డులో మీ సంస్థ పులి గల సంస్థగా నమోదైనది. పరిశీలనలో పులి కానరాలేదు. పేర్కొనిన మాంసము లేకుండా పదార్థమును విక్రయించుట వినియోగదారుని వంచించుట యగును. దీనిని కల్తీ అందురు. కల్తీ రుజువైనచో సంస్థకు తక్షణమే తాళము వేయవలసియుండును."

బంట్రోతు జేబులోంచి తాళం బయటికి తీశాడు. పెద్ద తాళం. గోపాలం చేతులు జోడించాడు. "అమ్మా, పులి ఉందని ఒకసారి వెళ్ళగొట్టబోయారు. లేదని ఇప్పుడు తాళం వేస్తానంటున్నారు. మేమెలా బతకాలమ్మా?"

"ఆ విభాగము వేరు, ఈ విభాగము వేరు."

గోపాలం భార్య వైపు చూశాడు. తాయారమ్మ కొంగు నడుముకి బిగించింది. ఆవిడ ముఖంలో భయం లేదు, కళ్ళలో ఏదో కొంటెతనం మెరిసింది. అది చూసి గోపాలానికి ఇంకా భయమేసింది.

"మీ విభాగంలో సంస్కృతం చెల్లుతుందా అమ్మా?" అని అడిగింది తాయారమ్మ.

"అచ్చ తెలుగు నియమము మాకు వర్తించదు. మాకు అన్ని భాషలూ ఆమోదయోగ్యమే."

"అయితే ఇలా రండి. పులి ఇప్పుడే పులిహోరలోకి దిగింది."

వెనక గది తలుపు తీసింది. లోపల అరిటాకు ముందు, మణికట్టుదాకా పులిహోరలో చెయ్యి పెట్టి, బుగ్గలు నిండిన నోటితో డాక్టర్ వ్యాఘ్రేశ్వరరావుగారు కనబడ్డారు.

చంద్రప్రభ ఆయన చొక్కాకి ఉన్న పేరు పట్టీని అక్షరం అక్షరం చదివింది. తల పైకెత్తింది. "తమరు వ్యాఘ్రమేనా?"

వ్యాఘ్రేశ్వరరావుగారు నమలడం ఆపేశారు. కాదంటే, మండలి మాంసాహారశాలగా తేల్చినచోట వీగన్ ధ్రువపత్రాలిచ్చే ప్రత్యేకాధికారి కూర్చుని ఏం తింటున్నాడన్న ప్రశ్న వస్తుంది. ఔనంటే, తాను పులినని ఒప్పుకున్నట్టే. ఆయన గోపాలం వైపు చూశారు. బంట్రోతు చేతిలో తాళం వైపు చూశారు. మెస్సుకి తాళం పడితే రేపు మళ్ళీ రాతిపలక మీద బీన్సు గింజలే. ముద్ద మింగారు.

"వ్యాఘ్రమనగా పులియే," అన్నారు మెల్లగా. "ధ్రువీకరించడమైనది."

చంద్రప్రభ రాసుకుంది. 'పులిహోరలో పులి ఉన్నది. సజీవముగా ఉన్నది. కల్తీ లేదు.' సంతకం పెట్టి, కింద ఇంకో వాక్యం చేర్చి పైకి చదివింది. "పని దినములయందు మధ్యాహ్న వేళ పులి విధిగా పులిహోరలో హాజరు ఉండవలెను."

బంట్రోతు తాళం జేబులో వేసుకున్నాడు. చంద్రప్రభ జీపు వెళ్ళిపోయింది. వ్యాఘ్రేశ్వరరావుగారు తల వంచుకుని ఆకు వైపే చూస్తున్నారు. లేవడానికి ప్రయత్నించినట్టు కనబడ్డారు గాని లేవలేదు.

గోపాలం కళ్ళు తుడుచుకుని, వంటగది వైపు తిరిగి కేకేశాడు.

"తాయారూ! పులికి ఇంకొంచెం పులిహోర!"

పులి వద్దనలేదు.